స్టిక్కర్ వేరు, వస్తువు వేరు: బార్‌కోడ్ డేటాబేస్ కట్టుకునే పద్ధతి

ఓ స్టాక్ చెకింగ్ రోజున ఒక ట్రైపాడ్ కోసం నలుగురం సగం రోజు వెతికాం. ర్యాకులు దించాం, పెట్టెలు విప్పాం, వారం కిందట తీసుకెళ్లినవాళ్లకి ఫోన్లు చేశాం. అలిసిపోయి కూర్చున్నాక చూస్తే అది గది మధ్యలోనే ఉంది. దాని మీద కెమెరా పెట్టే మేం ఆ తనిఖీ అంతా వీడియో తీస్తున్నాం.

తప్పు నాదే. దానికి మొదట అంటించిన స్టిక్కర్ అరిగి ఊడిపోతే, కొత్త నంబరుతో ఇంకోటి అంటించాను. అప్పటి డేటాబేస్‌లో బార్‌కోడ్ నంబరే ప్రైమరీ కీ, అంటే ఒక్కో రోని (టేబుల్‌లోని అడ్డు వరసని) మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తు. నంబరు మారింది కాబట్టి కొత్త రో వేయక తప్పలేదు. పాత రో మూడు రిపేర్ల చరిత్రతో సహా అలాగే ఉండిపోయింది. కంప్యూటర్ లెక్కలో ట్రైపాడ్లు రెండు, అందులో ఒకటి గల్లంతు.

నేను ప్రోగ్రామింగ్ చదువుకున్న మనిషిని కాను. కెమెరాలు, ప్రొజెక్టర్లు, మైకులు, లైట్లు అడిగినవాళ్లకి ఇచ్చి, తిరిగి తీసుకునే గది చూసుకుంటాను. దాదాపు 600 వస్తువులు. ఇప్పుడు నడుస్తున్నది నేను కట్టిన మూడో డేటాబేస్. మొదటి రెండూ ఎక్కడ బెడిసికొట్టాయో చెబుతూ, మూడోదాన్ని ఎలా కట్టానో రాస్తాను.

ముందు కాగితం మీద

టేబుళ్ల జోలికి వెళ్లకముందు, ఈ డేటాబేస్‌ని మీరు రోజూ ఏం అడగబోతున్నారో రాసుకోండి. నా కాగితం మీద ఉన్నవి నాలుగే. ఇది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఎప్పుడు తిరిగి రావాలి? దీన్ని చివరిసారి ఎక్కడ, ఎప్పుడు చూశాం? దీనికి ఇంతకుముందు ఏమేం జరిగాయి? వీటికి జవాబు చెప్పడానికి పనికిరాని కాలమ్ ఏదైనా పెట్టాలనిపిస్తే చేయి ఆపుకోండి. నా మొదటి డేటాబేస్‌లో ‘రంగు’ అని ఒక కాలమ్ ఉండేది. మా సామాను అంతా నలుపే.

తర్వాత తేల్చుకోవాల్సింది, బార్‌కోడ్ అసలు దేనికి పేరు అన్నది. బార్‌కోడ్‌ని దుకాణంలో మొట్టమొదట స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలోని ఒహాయోలో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. ఆ బిల్లింగ్ మెషీన్‌కి అది ఏ ప్యాకెట్ అన్నది అక్కర్లేదు, ఏ రకం అన్నది తెలిస్తే చాలు. ఈ రోజుకీ తయారీదారు డబ్బా మీద వేసే నంబరు చెప్పేది ఆ రకాన్నే. ఒకే మోడల్ మైకులు ఐదు కొంటే ఐదు డబ్బాల మీదా ఒకటే నంబరు ఉంటుంది. మనకేమో ఏ మైకు అన్నదే కావాలి. కిందపడి గరగరమంటున్నది మూడోదా, నాలుగోదా?

కాబట్టి డబ్బా మీది బార్‌కోడ్‌ని నమ్ముకోకుండా ప్రతి వస్తువుకీ మీ సొంత స్టిక్కర్ వేయండి. డబ్బా నంబరుని పారేయక్కర్లేదు, దాని చోటు వేరే ఉంది.

టేబుళ్లు

మొత్తం ఏడు. పేర్లు మీకు నచ్చినట్టు పెట్టుకోండి.

‘మోడల్’ టేబుల్‌లో ఒక రకానికి ఒక రో: పేరు, తయారీదారు, డబ్బా మీది బార్‌కోడ్. ‘వస్తువు’ టేబుల్‌లో చేతికి దొరికే ఒక్కో సరుకుకీ ఒక రో: దాని ఐడీ, అది ఏ మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ప్రస్తుత స్థితి. ఈ ఐడీ డేటాబేస్ తనంతట తాను ఇచ్చుకునే అంకె. దాన్ని ఎక్కడా ప్రింట్ చేయం, ఎవరికీ చెప్పం, ఎన్నటికీ మార్చం.

ట్రైపాడ్ నేర్పిన టేబుల్ మూడోది, ‘లేబుల్’. ఇందులో స్టిక్కర్ మీది నంబరు, అది ఏ వస్తువుకి అంటించాం, ఎప్పుడు అంటించాం, ఎప్పుడు తీసేశాం అనే కాలమ్‌లు ఉంటాయి. నంబరు మీద యునీక్ నిబంధన (ఒకే నంబరు రెండుసార్లు రాకూడదన్నది) తప్పనిసరి. స్టిక్కర్ పోతే పాత లేబుల్ రోలో తీసేసిన తేదీ వేస్తాం, కొత్త లేబుల్‌కి కొత్త రో వేస్తాం. వస్తువు రోని ముట్టుకోం. ఊడిపోయిందనుకున్న పాత స్టిక్కర్ ఏ కవర్ మీదో అంటుకుని ఆర్నెల్ల తర్వాత దొరికినా, స్కాన్ చేస్తే అది ఏ వస్తువుదో తెలిసిపోతుంది. ఒకసారి వాడిన నంబరుని మళ్లీ ఇంకో వస్తువుకి వేయకండి. అంకెలకేం కరువు లేదు.

‘మనుషులు’, ‘చోట్లు’ టేబుళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకదాంట్లో తీసుకెళ్లేవాళ్లు, ఇంకోదాంట్లో గదులు, ర్యాకులు, అరలు. మిగతావి రెండు: ‘స్కాన్ లాగ్’, ‘ఇచ్చినవి’. అసలు పని జరిగేది ఈ రెండింట్లోనే, కాస్త ఆగి చెబుతాను.

నంబరు అంకె కాదు

బార్‌కోడ్ కాలమ్‌ని ఇంటీజర్‌గా (లెక్కలు చేసే అంకెగా) పెట్టకండి, టెక్స్ట్‌గా (ఉత్త అక్షరాలుగా) పెట్టండి. దాన్ని మనం కూడేది లేదు, తీసేది లేదు. ఇంటీజర్‌గా పెడితే ముందున్న సున్నాలు మాయమవుతాయి. 0041737 కాస్తా 41737 అయిపోతుంది, స్కానర్ పంపేదానితో కలవదు. ఎక్సెల్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. 13 అంకెల నంబరు పేస్ట్ చేస్తే 8.90ఈ+12 అని చూపిస్తుంది. అదే రూపంలో సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలుగా) సేవ్ చేశారో, చివరి అంకెలు పోయినట్టే. 15 అంకెలు దాటిన నంబరైతే సేవ్ చేసేదాకా కూడా ఆగదు, టైప్ చేయగానే మిగతావాటిని సున్నాలు చేసేస్తుంది. పాత రిజిస్టర్‌ని ఎక్సెల్ నుంచి తెచ్చుకునేవాళ్లు ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చుకోవాలి.

డబ్బా మీది నంబర్లలో ఇంకో తిరకాసు ఉంది. యూపీసీ, ఈఏఎన్ అనేవి దుకాణపు సరుకుల మీద నంబరు వేసే రెండు పద్ధతులు. 12 అంకెల యూపీసీకి ముందు ఒక సున్నా చేరిస్తే అదే 13 అంకెల ఈఏఎన్. సెట్టింగుని బట్టి ఒక స్కానర్ 12 అంకెలు పంపితే, ఇంకో స్కానర్ అదే డబ్బాకి 13 పంపుతుంది. అందుకే మోడల్ టేబుల్‌లో దాచేముందు ఎడమవైపు సున్నాలు చేర్చి అన్నింటినీ 14 అంకెలకి తెచ్చేస్తాను. వెతికేటప్పుడూ అంతే.

ఇక మన సొంత స్టిక్కర్ మీద ఏ నంబరు వేయాలి? ఏ అర్థమూ లేని నంబరు వేయాలి. నా రెండో డేటాబేస్‌లో గది పేరు, వస్తువు రకం, వరస సంఖ్య కలిపి కోడ్ చేశాను. చూడగానే అర్థమవుతుందని మురిసిపోయాను కూడా. ఏడాది తిరగకుండా ప్రొజెక్టర్లు వేరే గదికి మారాయి. స్టిక్కర్ ఒక గది పేరు చెబుతుంది, వస్తువు ఇంకో గదిలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు స్టిక్కర్నే నమ్మి పాత గదిలో పెట్టేసేవారు. మారేదాన్ని దేన్నీ నంబరులో ఇరికించకూడదని అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు మావి ఆరు అంకెల వరస సంఖ్య, చివర ఒక చెక్ డిజిట్ (మిగతా అంకెల నుంచి లెక్కకట్టి చేర్చే, తప్పులు పట్టే అంకె).

చెక్ డిజిట్ ఎందుకో చెప్పాలి. మేం వాడేది కోడ్ 128 రకం బార్‌కోడ్. దానికి లోపలే ఒక సరిచూసుకునే గుర్తు ఉంటుంది కాబట్టి స్కానర్ తప్పు చదవడం చాలా అరుదు. కోడ్ 39 అనే ఇంకో రకంలో అది తప్పనిసరి కాదు. కానీ స్టిక్కర్ గీసుకుపోతే గీతల కింది అంకెలు చూసి మనిషే టైప్ చేయాలి. తప్పు దొర్లేది అక్కడ. ఈఏఎన్ పద్ధతే వాడుకోవచ్చు, లెక్క తేలిక.

004173 తీసుకోండి. కుడివైపు నుంచి ఒక్కో అంకెనీ వరసగా 3తో, 1తో, మళ్లీ 3తో, 1తో గుణించాలి. 3×3=9, 7×1=7, 1×3=3, 4×1=4, మిగతావి సున్నాలు. మొత్తం 23. దాని పైన వచ్చే పదుల సంఖ్య 30. తేడా 7, అదే చెక్ డిజిట్. స్టిక్కర్ మీద 0041737 అని పడుతుంది. ఎవరైనా 7, 3 తారుమారు చేసి 0041377 అని కొట్టారనుకోండి. 004137కి లెక్క కడితే మొత్తం 31, రావాల్సిన చెక్ డిజిట్ 9. చివర ఉన్నది 7. స్క్రీన్ వెంటనే అభ్యంతరం చెబుతుంది. ఒక్క అంకె తప్పు పడితే ఈ పద్ధతి ప్రతిసారీ పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం ఒక లోటుంది. ఆ రెండింటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే (1, 6 లాగా) దొరకదు. మా పనికి ఇది చాలు.

ముందు రాసుకో, తర్వాత అర్థం చేసుకో

వస్తువు టేబుల్‌లోనే ‘ఎక్కడుంది’ అని ఒక కాలమ్ పెట్టి, కదిలినప్పుడల్లా దాన్ని మార్చడం అందరికీ మొదట తోచే పద్ధతి. నాకూ అదే తోచింది. కొత్త విలువ వేయగానే పాతది చెరిగిపోతుంది. నిన్న ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ప్రతి బీప్‌కీ స్కాన్ లాగ్‌లో ఒక రో పడుతుంది: సమయం, స్కానర్ నుంచి వచ్చిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏ స్కానర్, ఎవరు లాగిన్ అయి ఉన్నారు, చివరికి దాంతో ఏం చేశాం. ఇందులో దేన్నీ దిద్దం, దేన్నీ తీసెయ్యం. తప్పు జరిగితే సరిదిద్దే ఇంకో రో వేస్తాం. స్కానర్ పంపింది ముందు లాగ్‌లోకి వెళ్లాలి, అదేమిటో ప్రోగ్రామ్ ఆ తర్వాత ఆలోచించుకోవాలి. డేటాబేస్‌కి తెలియని నంబరైనా సరే, లాగ్‌లో పడాల్సిందే.

ఈ వరస ఎందుకంటే, ఒకసారి ఒకాయన ప్రొజెక్టర్ సాయంత్రమే ఇచ్చేశానని అన్నారు, కంప్యూటర్ మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉందని మొండికేసింది. లాగ్ తీశాను.

9:12:04, 0041737, కౌంటర్ స్కానర్, ఇచ్చాం
9:12:05, 0041737, కౌంటర్ స్కానర్, రెండోసారి పడింది, వదిలేశాం
16:40:31, 0041737, కౌంటర్ స్కానర్, తిరస్కరించాం: ఇప్పటికే బయట ఉంది

ఆయన చెప్పింది నిజమే. 16:40కి వస్తువు కౌంటర్ దగ్గరికి వచ్చింది. స్క్రీన్ ‘ఇవ్వడం’ మీద ఉండిపోయింది, మా అబ్బాయి ‘తీసుకోవడం’ నొక్కకుండానే బీప్ విని లోపల పెట్టేశాడు. చెల్లిన స్కాన్లు మాత్రమే రాసుకుని ఉంటే ఆ మూడో లైను ఉండేది కాదు, తప్పు ఆయన మీద పడేది. ఆ రోజు నుంచి తిరస్కరించినప్పుడు వేరే శబ్దం, ఎర్ర స్క్రీన్ పెట్టాను. మామూలు బీప్ స్కానర్ చదివిందని చెబుతుందంతే. డేటాబేస్ ఒప్పుకుందని కాదు.

‘ఇచ్చినవి’ టేబుల్‌లో ఏ వస్తువు, ఎవరికి, ఇచ్చిన సమయం, రావాల్సిన సమయం, తిరిగొచ్చిన సమయం ఉంటాయి. చివరి కాలమ్ ఖాళీగా ఉంటే వస్తువు బయట ఉన్నట్టు. ఒకే వస్తువు ఒకేసారి ఇద్దరి దగ్గర ఉండకూడదన్న నిబంధనని ప్రోగ్రామ్‌కి వదిలెయ్యకండి, డేటాబేస్‌లోనే కట్టండి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో పార్షియల్ యునీక్ ఇండెక్స్ (కొన్ని రోలకే వర్తించే యునీక్ నిబంధన) ఉంది. ‘తిరిగొచ్చిన సమయం ఖాళీగా ఉన్న రోల వరకు వస్తువు ఐడీ రెండుసార్లు రాకూడదు’ అని చెప్పొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటిది లేదు. అక్కడ బయట ఉన్నప్పుడు వస్తువు ఐడీ, తిరిగొచ్చాక నల్ (ఖాళీ) వచ్చేలా ఒక జెనరేటెడ్ కాలమ్ (డేటాబేసే లెక్కకట్టి నింపుకునేది) పెట్టి, దాని మీద యునీక్ వేయాలి. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకి ఇంకో మాట: అందులో ఫారిన్ కీ తనిఖీ (ఒక టేబుల్‌లో వేసిన ఐడీ, అది చూపే టేబుల్‌లో నిజంగా ఉందా అన్నది) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. నాకిది తెలిసేసరికి, లేని మనుషుల పేరు మీద పదకొండు వస్తువులు ఇచ్చి ఉన్నాను.

లాగ్ పెరిగిపోయి నెమ్మదిస్తుందేమోనన్న టెన్షన్ వద్దు. రోజుకి వంద బీప్‌లైనా ఏడాదికి 36,500 రోలు. డేటాబేస్‌కి అదో లెక్క కాదు. వస్తువు ఐడీ, సమయం కలిపి ఒక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) వేస్తే చివరిసారి ఎక్కడ చూశామన్నది రెప్పపాటులో వస్తుంది.

స్కానర్ అనే కీబోర్డు

యూఎస్‌బీ స్కానర్లలో చాలావరకు కంప్యూటర్‌కి కీబోర్డులాగే కనబడతాయి. అంకెలు గబగబా టైప్ చేసి చివర ఎంటర్ కొడతాయి. కొన్ని ట్యాబ్ కొడతాయి. కొత్త స్కానర్ రాగానే నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు స్టిక్కర్లు చదివించి, అది ఏం పంపుతోందో చూడండి. కర్సర్ ఎక్కడుంటే అక్కడే టైప్ అవుతుంది కాబట్టి, స్కాన్ పేజీలో నంబరు పడే ఒక్క గడి తప్ప ఇంకేం ఉండకుండా చూసుకోండి. మా దగ్గర ‘రిమార్కులు’ కాలమ్ నిండా బార్‌కోడ్ నంబర్లు ఉండేవి.

మన భాషలో టైప్ చేసేవాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇంకోటి. స్కానర్ పంపేది కీ నొక్కిన సంకేతాన్నే, అది ఏ అక్షరమో తేల్చేది కంప్యూటర్‌లోని కీబోర్డు లేఅవుట్. తీసుకెళ్లేవాళ్ల కార్డుల మీది నంబర్లకి ముందు ఇంగ్లిష్ పెద్ద అక్షరం పి, చోట్ల నంబర్లకి ఎల్ పెట్టాం. ఒక రోజు పొద్దున్నే ఒక్క కార్డూ పని చేయలేదు. వస్తువులు మాత్రం బాగానే చదువుతోంది. లాగ్ చూస్తే కార్డులన్నీ ‘ఝ’తో మొదలవుతున్నాయి. ముందు రోజు ఎవరో ఉత్తరం టైప్ చేసుకుని ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ అలాగే వదిలేశారు. అందులో షిఫ్ట్ పట్టి పి నొక్కితే వచ్చేది ఝ. ఈ బాధ వద్దనుకుంటే గ్రంథాలయాల పద్ధతి మేలు. చాలా లైబ్రరీల్లో బార్‌కోడ్ 14 అంకెలది, మొదటి అంకె 2 అయితే పాఠకుడి కార్డు, 3 అయితే పుస్తకం. అక్షరాలతో పని లేదు. మళ్లీ మొదలుపెడితే నేనూ అంకెతోనే వేరు చేస్తాను.

ఒకే నంబరు రెండు మూడు సెకన్లలో మళ్లీ వస్తే లాగ్‌లో రాసి వదిలేయాలి. ‘ఇవ్వడం’, ‘తీసుకోవడం’, ‘రిపేర్’ అనే ఆదేశాలకి కూడా బార్‌కోడ్లు ప్రింట్ చేసి కౌంటర్ మీద అంటిస్తే మౌస్ ముట్టుకునే పనుండదు.

అంటించే చోటు

డేటాబేస్ ఎంత బాగున్నా స్టిక్కర్ చదవకపోతే దండగ. గీతలకి అటూ ఇటూ తెల్లని ఖాళీ ఉండాలి. కాగితం మిగల్చాలని అంచుదాకా కత్తిరిస్తే స్కానర్‌కి మొదలేదో తుది ఏదో తెలియదు. కోడ్ 128కి ఆ ఖాళీ ఒక్కోవైపు, అన్నిటికన్నా సన్నని గీత వెడల్పుకి కనీసం పది రెట్లుండాలి. ట్రైపాడ్ కాలు, మైకు పిడి లాంటి గుండ్రటి వాటికి గీతలు నిచ్చెన మెట్లలా వచ్చేట్టు అంటించండి. అడ్డంగా చుట్టేస్తే చివరి గీతలు వంపు వెనక్కి పోతాయి. నా ట్రైపాడ్ స్టిక్కర్ ఊడిపోయింది కూడా జారే కాలు మీద అంటించడం వల్లే, మూసినప్పుడల్లా రాసుకుని. ఇప్పుడు తల దగ్గర కదలని భాగానికి వేస్తున్నాం.

కేబుళ్లకి స్టిక్కర్లు వేయడం మానేశాను. రకానికి ఎన్ని ఉన్నాయో లెక్క చాలు. బ్యాగులో కెమెరా, ఛార్జర్, రెండు లెన్సులు కలిసి తిరిగే సందర్భంలో వస్తువు టేబుల్‌లోనే ‘ఏ బ్యాగులో’ అని ఇంకో వస్తువు ఐడీని చూపే కాలమ్ పెట్టాను. ఇచ్చేటప్పుడు బ్యాగుని స్కాన్ చేస్తే లోపలివన్నీ కలిసి వెళ్తాయి. తీసుకునేటప్పుడు మాత్రం ఒక్కోటీ విడివిడిగా స్కాన్ చేయాల్సిందే. బ్యాగు తిరిగొచ్చినంత మాత్రాన ఛార్జర్ వచ్చినట్టు కాదు.

స్టాక్ చెకింగ్

అర మీది చోటు స్టిక్కర్‌ని ముందు స్కాన్ చేయండి, తర్వాత ఆ అరలో ఉన్నవన్నీ. ఇంకో చోటు స్టిక్కర్ తగిలేదాకా వచ్చేవన్నీ ఆ అరవే. ఇవన్నీ మామూలు లాగ్ రోలే, ఒక తనిఖీ నంబరు అదనంగా ఉంటుందంతే. అయిపోయాక డేటాబేస్‌ని రెండే అడుగుతాను. ఈ తనిఖీలో కనబడనివి, ఎవరికీ ఇచ్చి లేనివి ఏవి? కనబడినా, ఉండాల్సిన అరలో లేనివి ఏవి? మొదటి జాబితాలోవాటి స్థితిని ‘కనబడలేదు’ అని మారుస్తాం. రో తీసెయ్యం. రెండేళ్ల తర్వాత పైకప్పు దగ్గరి పెట్టెలోంచి దిగొచ్చిన లైటు ఒకటుంది మా దగ్గర.

మొన్నటి తనిఖీలో మొదటి జాబితాలో ఒక్కటే మిగిలింది. నంబరు చూసి గది అంతా గాలించబోయి, మోడల్ పేరు చదివి ఆగిపోయాను. అది నా చేతిలోని స్కానర్. మా దగ్గర ఉన్నది ఒక్కటే, తన స్టిక్కర్ని తాను చదువుకోలేదు. దాని ఏడంకెలూ ప్రతి తనిఖీలో నేనే చేత్తో కొడతాను. ఈసారి రెండు అంకెలు తారుమారు చేశాను, ఎర్ర స్క్రీన్ వచ్చింది.